కడుపులో క్రిమి, రక్తంలో ఆనవాలు: సీరాలజీ బల్ల నేర్పిన పాఠాలు

ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం నేను సీరాలజీ బల్ల దగ్గరే గడిపాను. మొదట కోస్తాలోని ఒక బోధనాసుపత్రిలో, తర్వాత హైదరాబాదులో. ఎన్నో జబ్బులకు పరీక్షలు చేశాను గానీ, కొలవడమంటే ఏమిటో నాకు నేర్పింది మాత్రం జీర్ణాశయంలో కాపురముండే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మక్రిమి. నేను చదువుకునే రోజుల్లో అల్సర్‌కు కారణం కారం, వేళ తప్పిన భోజనం, మనసులో దిగులు అని చెప్పేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో ఈ క్రిమిని ప్రయోగశాలలో పెంచి చూపించాక ఆ పాఠం మారింది. 2005లో వాళ్లిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ క్రిమికి ప్రతిగా రక్తంలో పుట్టే యాంటీబాడీలను కొలవడం చూసేవాళ్లకు తేలిక పనిగానే ఉంటుంది. వచ్చిన ఫలితాన్ని సరిగ్గా చదవడం తేలిక కాదు. అందులో నాకు తెలిసివచ్చిన సంగతులను, వాటిలో కొన్ని చాలా ఆలస్యంగా తెలిసివచ్చినవే, ఇప్పుడు ఆ బల్ల ముందు కూర్చుంటున్న నీకోసం రాస్తున్నాను.

1. ప్రశ్న ఏమిటో తేల్చుకున్నాకే పైపెట్ పట్టాలి.

ఈ క్రిమి జీర్ణాశయపు గోడను కప్పి ఉండే జిగురుపొరలో బతుకుతుంది. యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా తయారుచేసుకుని, చుట్టూ ఉన్న ఆమ్లం నుంచి తనను కాపాడుకుంటుంది. ఎండోస్కోపీలో తీసిన చిన్న ముక్కను యూరియా ఉన్న జెల్‌లో పెడితే పసుపు రంగు గులాబీగా మారడం ఈ ఎంజైము పనే. శ్వాస పరీక్ష కూడా దాని పనినే పట్టుకుంటుంది. మల పరీక్ష క్రిమి యాంటిజెన్‌ను పట్టుకుంటుంది. ఇవన్నీ క్రిమి ఇప్పుడు కడుపులో ఉందా అని చూసే పరీక్షలు. మనం చేసే రక్తపరీక్ష చూసేది క్రిమిని కాదు, క్రిమి సోకినందుకు శరీరం ఇచ్చిన జవాబును. ఇప్పుడు ఉందా అన్నది ఒక ప్రశ్న, ఎప్పుడైనా సోకిందా అన్నది మరో ప్రశ్న. వైద్యం చేసే డాక్టరుకు కావలసింది మొదటి దానికి జవాబు. ఒక జిల్లాలో ఎంతమందికి ఏ వయసులో సోకుతోందో తెలుసుకోవాలనుకునేవారికి రెండోది చాలు. కాగితం మీద ‘హెచ్. పైలోరీ’ అని రాసి పంపితే, ఏ ప్రశ్నకు జవాబు కావాలో అడగకుండానే చాలా ఏళ్లు పరీక్ష చేసి పంపాను. ఒక్క ఫోను చేసి అడిగి ఉంటే అందులో చాలా పరీక్షలు అవసరమే పడేవి కావు.

2. శరీరం త్వరగా మరిచిపోదు.

ఈ క్రిమి సోకిన కొన్ని వారాలకు రక్తంలో ఐజీజీ యాంటీబాడీలు కనిపిస్తాయి. క్రిమి ఉన్నంతకాలం, అంటే వైద్యం చేయకపోతే సాధారణంగా జీవితాంతం, అవి ఉంటాయి. మందులతో క్రిమి పూర్తిగా పోయాక కూడా నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి మిగిలే ఉంటాయి. అప్పు తీరిపోయినా ప్రామిసరీ నోటు పెట్టెలోనే ఉండిపోయినట్టు. ఈ సంగతి పుస్తకంలో చదివాను, పరీక్షల్లో రాశాను. అయినా ఒక దర్జీ విషయంలో అది నాకు గుర్తు రాలేదు. రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సు పూర్తి చేశాడు, కడుపులో మంట తగ్గింది. పోయిందో లేదో చూద్దామని మళ్లీ యాంటీబాడీ పరీక్షే రాశారు. పాజిటివ్ వచ్చింది, నేను సంతకం పెట్టాను. ఆ కాగితం చూసి అతనికి ఇంకో కోర్సు ఇచ్చారు. నోరంతా చేదు, విరేచనాలు, పని మానుకుని ఇంట్లో పడుకోవడం. తర్వాత వేరేచోట శ్వాస పరీక్ష చేయిస్తే క్రిమి లేదని తేలింది. మొదటి కోర్సుకే పోయి ఉండవచ్చు. నా యంత్రం తప్పు చూపలేదు, అంకె నిజమే. ఆ అంకె దేనికి పనికిరాదో ఒక ముక్క రాయకపోవడమే నేను చేసిన తప్పు. వైద్యం ఫలించిందో లేదో చూడాలంటే మందులు ఆపిన నాలుగు వారాల తర్వాత శ్వాస పరీక్షో, మల యాంటిజెన్ పరీక్షో చేయాలి.

3. పోల్చదలచుకున్న శాంపిళ్లు ఒకే ప్లేటులో నడవాలి.

యాంటీబాడీలతోనే వైద్యఫలితం చూడవలసిన పరిస్థితి వస్తే, దానికీ ఒక పద్ధతి ఉంది. వైద్యానికి ముందు తీసిన సీరాన్ని డీఫ్రీజర్‌లో దాచి, ఆరు నెలల తర్వాత తీసిన సీరంతో పక్కపక్క గుంటల్లో పెట్టి నడపాలి. స్థాయి సగానికో అంతకంటే దిగువకో పడిపోతే క్రిమి పోయిందనడానికి ఆధారం ఉన్నట్టు. జనవరిలో వచ్చిన అంకెనూ జులైలో వచ్చిన అంకెనూ రెండు కాగితాల మీద చూసి పోల్చడం ఇందుకు పనికిరాదు. కిట్ లాట్ మారుతుంది, కడిగే చేయి మారుతుంది, ప్లేటుకు ప్లేటుకు తేడా ఉండనే ఉంటుంది. మా దగ్గర ఒక పరిశోధనకు మొదటి శాంపిళ్లను వచ్చిన వెంటనే నడిపేసి, మిగిలిన సీరాన్ని పారబోశాం. ఆరు నెలల తర్వాత రెండో శాంపిళ్లు వచ్చినప్పుడు పక్కన పెట్టి పోల్చడానికి ఏమీ మిగల్లేదు. రోగులు రెండుసార్లు చేయి చాపి ఇచ్చిన రక్తం అలా వృథా అయింది. దాచేటప్పుడు సీరాన్ని చిన్నచిన్న భాగాలుగా పంచి పెట్టు. ఒకే గొట్టాన్ని మళ్లీ మళ్లీ కరిగించి గడ్డకట్టిస్తే యాంటీబాడీలు దెబ్బతింటాయి.

4. కిట్ కాగితానికి మన ఎండాకాలం తెలియదు.

మనం ఈ యాంటీబాడీలను కొలిచే ఎలీసా పద్ధతిని 1971లో స్టాక్‌హోంలో ఎంగ్వాల్, పెర్ల్‌మన్ ప్రకటించారు. ఇప్పుడు మనం వాడేది తొంభై ఆరు గుంటల ప్లాస్టిక్ ప్లేటు, అడుగున అంటించిన క్రిమి యాంటిజెన్, దాని మీద పలుచన చేసిన సీరం. కడిగాక ఎంజైము తగిలించిన రెండో యాంటీబాడీ. మళ్లీ కడిగి రంగుద్రవం పోస్తే యాంటీబాడీ ఉన్న గుంట నీలంగా మారుతుంది. ఆమ్లం పోసి ఆపగానే ఆ నీలం పసుపవుతుంది. 450 నానోమీటర్ల దగ్గర రీడర్ ఆ పసుపును అంకెగా మారుస్తుంది. ఇందులో ప్రతి మెట్టూ వేడి మీద, సమయం మీద ఆధారపడినదే. కిట్ కాగితం ‘గది ఉష్ణోగ్రత’ అంటే ఇరవై నుంచి పాతిక డిగ్రీలు అని అర్థం. మే నెలలో బెజవాడ గదిలో కరెంటు పోతే ఆ మాటకు విలువ ఉండదు. రంగు వేగంగా ముదురుతుంది, సరిహద్దులో ఉన్న శాంపిళ్లు పాజిటివ్‌లోకి జరుగుతాయి. అంచున ఉన్న గుంటలు మధ్యలోవాటికంటే ముందు వేడెక్కుతాయి, ముందు ఆరతాయి. అందుకే ప్లేటుకు మూత పెట్టాలి, ప్రతి శాంపిల్‌నూ రెండేసి గుంటల్లో పోయాలి, రెంటికీ పొంతన కుదరకపోతే మళ్లీ చేయాలి. కడగడాన్ని చిన్న పనిగా చూసి కొత్తవాళ్లకు అప్పగించేవాళ్లం. నేను చూసిన దొంగ పాజిటివ్‌లలో ఎక్కువ భాగం సరిగ్గా కడగని గుంటల్లోనే పుట్టాయి. కంట్రోల్స్ కుదరని ప్లేటును ఎంత ఖర్చయినా సరే పక్కన పెట్టేయాలి. అక్కడ పొదుపు చేస్తే ఆ భారం రోగి మీద పడుతుంది.

5. ఆరోగ్యంగా కనిపించేవాళ్లంతా నెగిటివ్ కాదు.

పాజిటివ్‌కూ నెగిటివ్‌కూ మధ్య ఉన్న గీతను మనుషులే గీశారు. ఆరోగ్యవంతుల సగటు తీసుకుని, దానికి రెండో మూడో ప్రామాణిక విచలనాలు కలిపి గీత పెట్టడం చాలా జబ్బులకు వాడే పాత పద్ధతి. నేనూ అలాగే పెట్టాను. రక్తదాతలను, వైద్య విద్యార్థులను ఆరోగ్యవంతుల గుంపుగా తీసుకున్నాను. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా ఈ క్రిమి ఉన్నవాళ్లేనని, వాళ్లలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదని తెలిసి కూడా ఆ గుంపునే నమ్మాను. ఫలితంగా గీత మరీ ఎత్తున పడింది, నిజంగా క్రిమి ఉన్నవాళ్లు దాని కిందికి పోయారు. ఎండోస్కోపీ చేసి, బయాప్సీలో క్రిమి ఉందని లేదా లేదని తేలినవాళ్ల సీరాలతోనే గీత పెట్టాలి. ఎక్కడ పెడితే ఎంతమంది తప్పిపోతారో, ఎంతమంది అన్యాయంగా చిక్కుతారో రెండూ లెక్క వేసి చూడాలి.

యాంటిజెన్ ఎక్కడి క్రిమి నుంచి తీశారన్నదీ అంతే ముఖ్యం. ఈ క్రిమి జాతులు ప్రాంతానికో రకంగా ఉంటాయి. ఒకచోటి రోగుల మీద బాగా పనిచేసిన కిట్ మరోచోట తడబడిన సందర్భాలు చాలా దేశాల్లో నమోదయ్యాయి. పైగా విరేచనాలు కలిగించే క్యాంపైలోబ్యాక్టర్‌కు ఇది దగ్గరి చుట్టం. దానికి పుట్టిన యాంటీబాడీలు కొన్ని దీని యాంటిజెన్‌కూ అంటుకుంటాయి. స్థానిక రోగుల మీద పరీక్షించి చూడని కిట్‌ను, పెట్టె మీద ఎంత గొప్ప అంకెలు ఉన్నా, నమ్మవద్దు.

6. ఊరు మారితే అదే ఫలితానికి అర్థం మారుతుంది.

ఒక లెక్క చెబుతాను, కాగితం మీద వేసి చూసుకో. క్రిమి ఉన్నవాళ్లలో నూటికి తొంభైమందిని పట్టుకునే, లేనివాళ్లలో నూటికి తొంభైమందిని లేదని చెప్పే పరీక్ష ఉందనుకో. వెయ్యిమందిలో ఆరువందలమందికి క్రిమి ఉన్న చోట చేస్తే 580 పాజిటివ్‌లు వస్తాయి, అందులో 540 నిజం. అదే పరీక్షను వెయ్యికి వందమందికే క్రిమి ఉన్న చోట చేస్తే 180 పాజిటివ్‌లు వస్తాయి, అందులో సగమే నిజం. మొదటి చోట మాత్రం మరో చిక్కు ఉంది. అక్కడ వచ్చే 420 నెగిటివ్‌లలో 60 తప్పు, అంటే ప్రతి ఏడుగురిలో ఒకరికి క్రిమి ఉండి కూడా లేదని చెబుతున్నాం. అమెరికాలో డాక్టర్లు ఈ పరీక్షను పక్కన పెట్టడానికి కారణాల్లో రెండో చోట వచ్చే ఆ తప్పు పాజిటివ్‌లు ఒకటి. క్రిమి అరుదుగా ఉండే సమాజంలో యాంటీబాడీ పాజిటివ్ ఒక్కదాన్నే నమ్మడం కష్టం. ఈ లెక్క నాకు చదువుకునేటప్పుడే వచ్చు. దాన్ని నా సొంత రిపోర్టులకు వర్తింపజేసి చూసుకోవడానికి మాత్రం సగం ఉద్యోగం గడిచిపోయింది.

7. పసిబిడ్డ రక్తంలో తల్లి యాంటీబాడీలూ ఉంటాయి.

ఐజీజీ మాయ గుండా బిడ్డకు చేరుతుంది. అందుకే తల్లికి క్రిమి ఉంటే, పుట్టిన తొలి నెలల్లో బిడ్డ రక్తం పాజిటివ్ చూపినా బిడ్డకు సోకినట్టు కాదు. కొంచెం పెద్ద పిల్లల్లో ఇందుకు విరుద్ధమైన ఇబ్బంది. ఈ క్రిమి చిన్నతనంలోనే, ఎక్కువగా ఇంట్లోవాళ్ల నుంచి సోకుతుంది గానీ, పిల్లల్లో యాంటీబాడీలు పెద్దల స్థాయికి రావడానికి సమయం పడుతుంది. పెద్దలకు పెట్టిన గీతతో చూస్తే సోకిన పిల్లలు కూడా నెగిటివ్‌గా కనిపిస్తారు. పిల్లల జీర్ణకోశ వైద్యుల మార్గదర్శకాలు వైద్యం కోసం యాంటీబాడీ పరీక్ష వద్దనే చెబుతున్నాయి. కడుపునొప్పి అంటూ ఏడ్చే బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లికి, ఏదో ఒక జవాబు ఇవ్వాలన్న తొందరలో, పనికిరాని పరీక్ష చేసి పంపడం దయ అనిపించుకోదు. సరైన పరీక్ష ఎక్కడ దొరుకుతుందో చెప్పి పంపడమే మనం చేయగల మేలు.

8. నెగిటివ్ వచ్చినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు.

ఈ క్రిమి దశాబ్దాల పాటు వాపు కలిగిస్తే కొందరిలో జీర్ణాశయపు పొర క్షీణిస్తుంది. ఆమ్లం ఊరే గ్రంథులు పోతాయి. చివరికి క్రిమికే అక్కడ నివాసం కష్టమై తగ్గిపోతుంది, దానితోపాటు యాంటీబాడీలూ పడిపోతాయి. అప్పుడు పరీక్ష నెగిటివ్ వస్తుంది. క్యాన్సర్ ముప్పు మాత్రం అందరికంటే ఎక్కువగా ఉండేది ఆ దశలో ఉన్నవాళ్లకే. జపాన్‌వాళ్లు ఈ చిక్కును చక్కగా పట్టుకున్నారు. యాంటీబాడీతోపాటు పెప్సినోజెన్‌ను కూడా కొలిచి, మనుషులను ఏ, బీ, సీ, డీ అని నాలుగు వర్గాలు చేస్తారు. యాంటీబాడీ నెగిటివ్‌గా ఉండి, పెప్సినోజెన్ క్షీణతను చూపిస్తే ఆ మనిషి డీ వర్గం, అన్నిటికంటే ఎక్కువ ముప్పు. యాంటీబాడీ ఒక్కటే చూసి ఉంటే ఏమీ లేదని ఇంటికి పంపేవాళ్లం. మరో ఆధారం కాగ్‌ఏ అనే ప్రొటీనుకు పుట్టే యాంటీబాడీ. మిగతావి తగ్గిపోయాక కూడా అది చాలాకాలం నిలిచి ఉంటుంది, ఇమ్యునోబ్లాట్ పట్టీ మీద గీతగా కనిపిస్తుంది. స్వీడన్‌లో 2001లో వచ్చిన ఒక అధ్యయనం మామూలు ఎలీసాతోపాటు ఈ గీతనూ లెక్కలోకి తీసుకుంటే, క్రిమికీ జీర్ణాశయ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం అంతకుముందు అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు బలంగా ఉందని చూపింది. బరువు తగ్గిపోతున్న, వాంతులవుతున్న పెద్ద వయసు మనిషికి నెగిటివ్ రిపోర్టు ఇచ్చేటప్పుడు ఎండోస్కోపీ చేయించమని డాక్టరుకు గట్టిగా చెప్పు. నేను చెప్పకుండా వదిలేసిన ఒకరిద్దరి ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

9. ఈరోజు దాచిన సీరం రేపటి ప్రశ్నకు జవాబు.

హవాయిలో ఉండే జపాన్ సంతతి పురుషులు 5,908 మంది నుంచి 1967 నుంచి 1970 మధ్య రక్తం తీసి దాచారు. అప్పటికి ఈ క్రిమిని ఎవరూ పెంచి చూడలేదు, పేరు కూడా లేదు. తర్వాతి ఏళ్లలో వాళ్లలో 109 మందికి జీర్ణాశయ క్యాన్సర్ వచ్చింది. ఆ పాత గొట్టాలను బయటికి తీసి యాంటీబాడీలు కొలిస్తే క్యాన్సర్ వచ్చినవాళ్లలో 94 శాతం, పోల్చడానికి తీసుకున్న మిగతావాళ్లలో 76 శాతం పాజిటివ్. కాలిఫోర్నియాలో 1960ల నాటి సీరాలతో చేసిన మరో అధ్యయనంలో ఇవి 84, 61 శాతం. రెండూ 1991లోనే వచ్చాయి. జబ్బు బయటపడక ఎన్నో ఏళ్ల ముందే రక్తంలో ఆనవాలు ఉందని తేలింది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ క్రిమిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ఈ యాంటీబాడీ పరీక్షకు అసలైన చోటు అదే: ఒక్క మనిషికి వైద్యం రాయడం కంటే, వేలమంది చరిత్రను చదవడం. మా పాత ప్రయోగశాల కొత్త భవనానికి మారినప్పుడు లేబుళ్లు ఊడిపోయాయన్న కారణంతో డీఫ్రీజర్ నిండా ఉన్న సీరాలను పారేశాం. పెన్నుతో రాసిన కాగితపు లేబుళ్లు చలికి నిలవవని ముందే ఆలోచించి ఉండవలసింది. మన జిల్లాల మనుషుల రక్తం అది, మళ్లీ ఎక్కడా దొరకదు. చలికి తట్టుకునే లేబులు వాడు, రిజిస్టరు రెండుచోట్ల ఉంచు, రక్తం ఇచ్చినవాళ్ల అనుమతి కాగితాన్ని శాంపిల్ ఉన్నంతకాలం భద్రపరచు.

10. రిపోర్టులో అంకె ఒక్కటే పంపకు.

మన దగ్గర ‘గ్యాస్’ అంటూ మందుల షాపులో పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ కొనుక్కుని మింగనివాళ్లు తక్కువ. ఆ మాత్రలు వాడుతుంటే శ్వాస పరీక్ష, మల పరీక్ష క్రిమి ఉన్నా లేదని చూపవచ్చు. అందుకే వాటిని కనీసం రెండు వారాల ముందు, యాంటీబయాటిక్‌లను నాలుగు వారాల ముందు ఆపమంటారు. యాంటీబాడీ పరీక్ష మీద ఆ మాత్రల ప్రభావం ఉండదు. మాత్రలు ఆపలేనివాళ్లకు, అల్సర్ నుంచి రక్తం పోతున్నవాళ్లకు ఈ పరీక్ష ఇప్పటికీ అక్కరకొస్తుంది. దీని బలం, బలహీనత రెండూ తెలిసినవాడి చేతిలో ఇది మంచి పరీక్ష. ఇప్పుడు ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీలలో, ఏ బాధా లేనివాళ్లకు కూడా దీన్ని కలిపి అమ్ముతున్నారు. పాజిటివ్ చూసి భయపడిన మనిషి అవసరం లేని యాంటీబయాటిక్‌లు మింగుతాడు. అలా మందులకు లొంగని క్రిములు పెరుగుతాయి. నువ్వు సంతకం పెట్టే ప్రతి పాజిటివ్ రిపోర్టు కింద తేటతెలుగులో ఈ మాట రాయి: ‘ఈ ఫలితం క్రిమి ఎప్పుడో ఒకప్పుడు సోకిందని చెబుతుంది. ఇప్పుడు ఉందో లేదో తెలియాలంటే శ్వాస పరీక్ష గానీ మల యాంటిజెన్ పరీక్ష గానీ అవసరం. మందులు వాడాక ఈ పరీక్షతో ఫలితం చూడరాదు.’ అది రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. రేపు పొద్దున నీ చేతికి వచ్చే మొదటి పాజిటివ్ రిపోర్టుతోనే మొదలుపెట్టు.